పంట పైసలు, నెల ఖర్చులు: అన్నిటికీ ఒకే కొలత

(హనుమకొండలో రైతు, చిరు వ్యాపార కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

ఇంటి లెక్కల గురించి ఎవరు మాట్లాడినా ఒకటో తారీఖుతో మొదలుపెడతారు. ఒకటో తారీఖున జీతం పడుతుంది, అందులో ఇంత పొదుపు చెయ్యాలి, ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దు అంటారు. మన దగ్గర చాలా ఇండ్లకు ఒకటో తారీఖు లేదు. దసరా దాటాక మొదటి ఏరుడు పత్తి ఎనుమాముల మార్కెట్‌కు పోతే నాలుగు పైసలు కనబడతాయి. వానకాలం వరి నవంబరు, డిసెంబరులో, మిర్చి ఫిబ్రవరి తర్వాత, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో. నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు కూడా ఎండకాలం ముందే. సింగరేణి ఇండ్లకు నెల జీతం ఉన్నా లాభాల వాటా మాత్రం ఏడాదికోసారి పండుగ దగ్గర ఒక్కసారే పడుతుంది.

ఖర్చు మాత్రం ఈ లెక్క చూడదు. జూన్ నెలనే తీసుకోండి. మృగశిర కార్తె వచ్చేసరికి విత్తనాలు కావాలి, దున్నకం కిరాయి కావాలి. అదే 12న బడులు తెరుస్తారు, ఫీజు మొదటి కిస్తీ, పుస్తకాలు, బస్సు పైసలు. అప్పుడే పెండ్లిళ్ల ఖర్చు ముగిసి ఉంటుంది. చేతిలో పైసలు తక్కువ ఉండే నెలలోనే ఖర్చులన్నీ కలిసి వస్తాయి. రాబడి తక్కువై అప్పు అయ్యే ఇండ్లున్నాయి, కాదనను. కానీ రాబడి చాలినంత ఉండి కూడా, అది వచ్చే నెలకూ ఖర్చు నెలకూ నడుమ ఉన్న ఖాళీని ఖరీదైన అప్పుతో నింపుకుంటూ ఏడాదికి 20 వేలో 30 వేలో పోగొట్టుకునే ఇండ్లు ఇంకా ఎక్కువ. ఈ రోజు మాట్లాడేది ఆ ఖాళీ గురించే.

ముందుగా కొలత. బ్యాంకు వాళ్లు ఏడాదికి శాతం అంటారు. ఊర్లో నూటికి నెలకు రూపాయి, రెండు రూపాయలు అంటాం. ఫైనాన్స్ వాళ్లు ఫ్లాట్ రేటు అంటారు. చిట్టీలో మిత్తి అనే మాటే వినపడదు, పాట అంటారు. ఎరువుల దుకాణంలో అదీ లేదు, ‘పంటకు ఇయ్యి’ అంటారు. ఐదు రకాల కొలతలు ఉంటే ఏది బరువో ఏది తేలికో చేతికి తెలియదు. అందుకని అన్నిటినీ మన కొలతలోకే తెద్దాం. నూటికి నెలకు ఎంత మిత్తి? ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే వచ్చేది అదే.

4 శాతం పంట రుణం అంటే నూటికి 33 పైసలు. 9 శాతానికి బ్యాంకులో బంగారం పెడితే ముప్పావలా. 12 శాతం అంటే రూపాయి. చిన్న ఫైనాన్స్ సంస్థలు ఆడవాళ్ల గ్రూపులకు ఇచ్చే అప్పు 24 శాతం దగ్గర ఉంటే అది రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా ‘కనీస మొత్తం’ కట్టి వదిలేస్తే 36 నుంచి 42 శాతం, అంటే మూడు నుంచి మూడున్నర రూపాయలు. ఊరి మిత్తి మూడు రూపాయలని భయపడే మనిషే కార్డు మీద మూడున్నర కట్టి అది మిత్తే అనుకోడు.

ఇప్పుడు ఫ్లాట్ రేటు. బండి కొన్నప్పుడు, ఫర్నిచర్ కొన్నప్పుడు ‘ఏడాదికి 12 శాతమే’ అంటారు. లక్ష రూపాయలు, రెండేండ్లు. 12 వేల చొప్పున 24 వేల మిత్తి కలిపి 1,24,000ను 24 కిస్తీలు చేస్తారు, నెలకు 5,167 రూపాయలు. ఇందులో తిరకాసు ఏమిటంటే, మొదటి నెల నుంచే అసలు కూడా కొంత కొంత తీరుస్తున్నాం, ఏడాది గడిచేసరికి మన దగ్గర ఉన్నది దాదాపు సగమే. అయినా మిత్తి మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీద వేశారు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది 21.6 శాతం, అంటే నూటికి రూపాయి ఎనభై పైసలు. గుర్తుకు ఒక మోటు లెక్క చెప్తాను. ఒకటి నుంచి మూడేండ్ల కిస్తీల అప్పులో ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే అసలు రేటుకు దగ్గరగా వస్తుంది.

దీనికి ఒక ఆయుధం ఇప్పుడు మన చేతిలో ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త అప్పుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, వాళ్లు అంటగట్టే బీమా ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చెప్పే అంకె అది. సంతకం పెట్టకముందు ఆ అంకె అడగండి, 12తో భాగించండి. ఆ కాగితంలో లేని ఛార్జీని తర్వాత మీ ఒప్పుకోలు లేకుండా వసూలు చెయ్యకూడదు.

కాగితమే లేని అప్పులు రెండున్నాయి. ఒకటి గిరిగిరి. కూరగాయల బండి, టిఫిన్ సెంటర్, టైలర్ దుకాణం నడిపేవాళ్లకు బాగా తెలుసు. 10 వేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు. ‘వెయ్యి రూపాయలే కదా’ అనిపిస్తుంది. 9 వేలు మన దగ్గర వంద రోజులూ ఉండవు, రోజూ తరిగిపోతాయి. సగటున మనం వాడుకున్నది నాలుగున్నర, ఐదు వేలు. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలు. నూటికి నెలకు ఆరు రూపాయల పైనే పడుతుంది. పొద్దున సరుకు తెచ్చి సాయంత్రానికి అమ్మే చిన్న వ్యాపారి ఆ మిత్తి కట్టి కూడా ఒక్కోసారి బతకగలడు. ఎందుకంటే ఆ పెట్టుబడి నెలలో ఇరవై సార్లు తిరుగుతుంది. అదే గిరిగిరి పైసలతో బడి ఫీజు కడితే మాత్రం తిరిగే దారి లేదు. అప్పు ఎంత ఖరీదైనదో చూడటంతో పాటు దాన్ని దేనికి వాడుతున్నామో కూడా చూడాలి.

రెండోది ఎరువుల, మందుల దుకాణం ఉద్దెర. దీని మీద కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే పత్తి, మిర్చి రైతు ఇంట్లో అన్నిటికంటే పెద్ద చిల్లు ఇక్కడే పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా విడతలుగా 50 వేల సరుకు తెచ్చారనుకోండి. సగటున ఆరు నెలలకు బాకీ తీరుస్తారు. రెండు రూపాయల మిత్తి అంటే ఆరు వేలు. ఇది కండ్లకు కనబడే మిత్తి. పంట మాత్రం ఆ దుకాణదారుకో, ఆయన చెప్పిన వ్యాపారికో అమ్మాలి. మార్కెట్ కంటే క్వింటాలుకు 200 తక్కువ కట్టాడు, 20 క్వింటాళ్లకు 4 వేలు పోయాయి. మొత్తం 10 వేలు. 50 వేల మీద ఆరు నెలలకు 10 వేలు అంటే నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఉద్దెర సరుకుకు ధర ఎక్కువ వేసినా, తూకంలో తరుగు తీసినా అది ఇంకా పెరుగుతుంది. రెండు రూపాయలకే తెచ్చానని మనం చెప్పుకునే అప్పు నిజానికి మూడున్నర దాకా పోతోంది.

అదే 50 వేలు పంట రుణంలో వస్తే? కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల లోపు పంట రుణానికి మిత్తి 7 శాతం. గడువు లోపల కట్టినవాళ్లకు కేంద్రం 3 శాతం తిరిగి ఇస్తుంది, అంటే చివరికి 4 శాతం. ఆరు నెలలకు వెయ్యి రూపాయలు. 10 వేలెక్కడ, వెయ్యి ఎక్కడ! 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా పూచీకత్తు లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు పరిమితి పెంచింది, అంతకు ముందు అది 1.6 లక్షలు. పట్టాదారు పాస్‌బుక్కు ఉన్నా రుణం తీసుకోని ఇండ్లు, తీసుకున్నా సగం పరిమితితో ఆగినవి ఈ మార్పు తర్వాత ఒకసారి బ్యాంకుకు వెళ్లి అడగాలి.

మరి ఇంత చవక అప్పు ఎందుకు చేజారుతుంది? ఎక్కువసార్లు తారీఖు దగ్గర. గడువు దాటిన రోజు నుంచి ఆ 3 శాతం రాదు, 7 శాతం రాయితీ కూడా ఆగి బ్యాంకు మామూలు రేటు మొదలవుతుంది. ఇంకా నాన్చితే ఖాతా మొండి బాకీలోకి పోతుంది, కొత్త రుణం రాదు, ఆ ఏడాది పెట్టుబడికి మళ్లీ దుకాణమే దిక్కు. మాఫీ వస్తుందని ఆగినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2024లో రాష్ట్రం 2 లక్షల దాకా మాఫీ చేసింది, నిజమే. అది ఒక తారీఖు లోపలి అప్పులకు, ఒక కుటుంబానికి ఇంత అని లెక్క కట్టి ఇచ్చిన మాఫీ. రాబోయే మాఫీ మీద ఈ ఏడాది తారీఖు వదులుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. ఇంకొక పొరపాటు, రెన్యువల్ అంటే మిత్తి కట్టి సంతకం పెట్టడమే అనుకోవడం. అసలు, మిత్తి రెండూ జమ చేసి మళ్లీ తీసుకోవాలి. ఆ రెండు మూడు రోజుల కోసం బయట రోజు మిత్తికి తెచ్చేవాళ్లు ఉన్నారు. పత్తి పైసలు చేతిలో ఉన్న జనవరిలోనే ఈ పని పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

కౌలు రైతుకు పాస్‌బుక్కు లేదు, రైతు భరోసా రాదు, పంట రుణం కష్టం. ఆ ఇంటికి మహిళా సంఘం బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పే దగ్గరి దారి. అక్కడ కిస్తీ నెలనెలా కట్టాలి, పంట మాత్రం ఆరు నెలలకు. కాబట్టి సంఘం అప్పుతో పాటు నెలనెలా పైసలొచ్చే పని ఒకటి, పాడి గాని కుట్టు మిషన్ గాని, ఇంట్లో ఉంటేనే అది భారం కాదు. చిన్న ఫైనాన్స్ కంపెనీల గ్రూపు అప్పులు తెలంగాణలో మళ్లీ పెరుగుతున్నాయి. ఇలాంటి అప్పులను కట్టడి చేసిన 2010 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న కంపెనీలకు వర్తించదని 2023లో హైకోర్టు చెప్పాక దారి తెరుచుకుంది. వాళ్లకూ ఒక హద్దు ఉంది. ఇంటి అందరి అప్పుల కిస్తీలు కలిపి ఆ ఇంటి నెల రాబడిలో సగం దాటకూడదన్నది 2022 నుంచి నియమం. అక్కలు ఫారం నింపేటప్పుడు ఏజెంటు రాబడి ఎక్కువ చేసి రాస్తే ఊరుకోకండి. ఆ హద్దు మీ రక్షణ కోసమే పెట్టింది.

ఇక పైసలు చేతికి వచ్చిన రోజు సంగతి. ఒకేసారి లక్షన్నర ఖాతాలో పడితే ఇల్లంతా ఉన్నవాళ్లమైపోయినట్టు అనిపిస్తుంది. రెండు నెలల తర్వాత ఎక్కడ పోయాయో తెలియదు. దీనికి ఒక ఏర్పాటు చేసుకోవాలి, మనకు మనమే జీతం ఇచ్చుకోవాలి. రెండు ఖాతాలు పెట్టుకోండి. పంట పైసలు, రైతు భరోసా, పీఎం కిసాన్ అన్నీ ఒక ఖాతాలోకి రానివ్వండి. దానికి ఫోన్‌పే, గూగుల్ పే కలపవద్దు, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టెలో ఉంచండి. ఆ ఖాతా నుంచి రెండో ఖాతాకు ప్రతి నెల ఒకటిన, ఇంటి ఖర్చు 15 వేలయితే 15 వేలు, తనంతట తానే మారేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. రోజువారీ ఖర్చంతా రెండో ఖాతా మీదే. 20వ తారీఖుకే అది ఖాళీ అయితే, ఎక్కడ ఎక్కువైందో ఆ నెలలోనే తెలుస్తుంది, ఏడాది చివర కాదు.

పెద్ద ఖర్చుల కోసం డిపాజిట్లు ముక్కలుగా చెయ్యండి. లక్ష రూపాయలు ఏడాదికి ఒకే డిపాజిట్ చేస్తే ఆగస్టులో మందులకు 20 వేలు కావాల్సి వచ్చినప్పుడు మొత్తం లక్షా విరగ్గొట్టాలి, గడువు ముందు తీసినందుకు చాలా బ్యాంకుల్లో అర శాతం నుంచి ఒక శాతం కోత. అదే 20 వేల చొప్పున ఐదు చేసి, ఒకటి మే చివర్లో విత్తనాలకు, ఒకటి జూన్ 5న బడి ఫీజుకు, ఒకటి ఆగస్టుకు, ఒకటి దసరాకు అని తారీఖు చూసి వెయ్యండి. డిపాజిట్ కాగితం మీద పెన్సిల్‌తో ‘విత్తనాలు’, ‘ఫీజు’ అని రాసుకుంటే ఇంట్లో ఎవరూ ఇంకోదానికి తియ్యరు. మేడారం రెండేండ్లకోసారి వస్తుంది, తారీఖులు చాలా ముందే తెలుస్తాయి. అయినా జాతర ఖర్చుకు అప్పు చేసేవాళ్లున్నారు. నెలకు 400 రూపాయల రికరింగ్ డిపాజిట్ రెండేండ్లు వేస్తే అసలే 9,600 అవుతుంది. ఎత్తు బంగారం, అంటే బెల్లం, తల్లులకు ఇవ్వడానికి ఇంటి బంగారం గిరివి పెట్టే పని ఉండదు.

అమ్మకం దగ్గర కూడా ఈ కొలత పనికొస్తుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే అమ్మాలా? క్వింటాలు 14 వేలు పలుకుతోంది, ఆరు నెలలు ఆగుదామనుకుంటున్నారు. బాకీ మీద రూపాయి మిత్తి పడుతుంటే ఆరు నెలలకు 840. బస్తా 40 కిలోలు, కిరాయి బస్తాకు 250 అనుకుంటే క్వింటాలుకు 625. హమాలీ, తరుగు వదిలేసినా 1,465. అంటే 15,465 పలికితేనే మనం ఇవాళ్టి ధరకు అమ్మినట్టు, ఆ పైన వచ్చిందే లాభం. మీ కిరాయి, మీ మిత్తి వేసి ఈ లెక్క మీరే కట్టుకోండి. రెండు రూపాయల మిత్తి నెత్తి మీద ఉన్న ఇల్లు ధర కోసం ఆగడం నష్టమే ఎక్కువసార్లు. పత్తికి ఇంకో సంగతి. 2025-26లో పొడుగు పింజకు మద్దతు ధర 8,110. తేమ 8 శాతం ఉంటే ఆ ధర, ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 శాతం దగ్గర 7,786 దాకా దిగుతుంది. ఆరబెడితే బరువు కూడా తగ్గుతుంది కాబట్టి 8కీ 12కీ మధ్య పెద్ద తేడా పడదు. అసలు దెబ్బ 12 దాటినప్పుడు. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ తీసుకోదు, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. రెండు ఎండలు చూపిస్తే ఆ గీత లోపలికి వస్తుంది.

చిట్టీల గురించి అడగకుండా వరంగల్‌లో ఏ సభా ముగియదు. 5 లక్షల చిట్టీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20 వేలు అనుకుందాం. కంపెనీ కమీషన్ 5 శాతం, అంటే 25 వేలు. 2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది, అగ్రిమెంటులో ఎంత ఉందో చూడండి. పాటల్లో వచ్చే తగ్గింపు అందరికీ పంచగా నెలకు సగటున 16,500 కట్టారు, మొత్తం 4,12,500. చివరిదాకా ఆగి ఎత్తుకున్నవాళ్లకు 4,75,000 వస్తుంది. 62,500 మిగులు. మన రూపాయి సగటున ఏడాది పైచిలుకు అక్కడ ఉంది కాబట్టి 14, 15 శాతం, రూపాయి పావలా దగ్గర. బ్యాంకు డిపాజిట్‌లో అర్ధరూపాయి వస్తున్నప్పుడు ఇది మంచిదే. మరి ఆ మిగులు ఎవరిచ్చారు? మూడో నెలలో అక్కరకు లక్షన్నర తగ్గించి పాడి, మూడున్నర లక్షలు తీసుకున్నవాళ్లు. అప్పటిదాకా కట్టిన 45 వేలు తీసేస్తే వాళ్లకు నిజంగా అందింది 3,05,000. మిగతా 22 నెలల్లో కట్టేది 3,67,500. అది రూపాయి అరవై, డెబ్బై పైసల అప్పు. ఊరి మిత్తి కంటే తక్కువే, బ్యాంకు బంగారం అప్పు కంటే రెట్టింపు. కాబట్టి బంగారం ఉన్న ఇల్లు ముందే పాడటం తెలివి కాదు, బంగారం పెట్టి అక్కర గడుపుకుని చిట్టీని చివరిదాకా ఉంచుకోవడం మేలు.

ఈ లెక్కంతా చిట్టీ నిలబడితేనే. నడుమ బోర్డు తిప్పేస్తే అసలే పోతుంది. చిట్ ఫండ్స్ చట్టం 1982 కింద ప్రతి గ్రూపుకూ విడిగా ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి, చిట్టీ మొత్తానికి సరిపడా పూచీ రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి. కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉండటం వేరు, మీ గ్రూపుకు ఉండటం వేరు. మోసం ఎక్కువగా జరిగేది ఈ సందులోనే. మీ గ్రూపు నంబరు రాసుకుని చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. ఇంకొక గుర్తు చెప్తాను. చిట్టీ పాడుకున్నాక పైసలు ఇవ్వకుండా ‘మా దగ్గరే ఉంచండి, రెండు రూపాయల మిత్తి ఇస్తాం’ అంటే, ఆ కంపెనీకి ఇవ్వడానికి పైసలు లేవని అర్థం. ఆ మాట విన్న రోజే ఇప్పటిదాకా కట్టిన రసీదులన్నీ ఒకచోట పెట్టుకుని, పైసల కోసం రాతపూర్వకంగా అడగండి. చిట్టీ పైసలు డిపాజిట్లు కావు, వాటికి బ్యాంకు డిపాజిట్లకున్న 5 లక్షల బీమా లేదు.

బంగారం మీద రెండు మాటలు. 2025లో తులం లక్ష దాటింది, ధర పెరుగుతోందని నగలు కొనడం పొదుపే అనుకుంటున్నారు. లక్ష బంగారం, తరుగు, మజూరీ 12 శాతం, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. బిల్లు 1,15,360. అదే నగ రేపు అమ్మితే లక్ష కూడా కష్టం. ధర 15 శాతం పెరిగితేనే మనం పెట్టింది మనకు వస్తుంది. బిడ్డ పెండ్లికి ధరించే నగ కొనండి, అది వేరే ఆనందం. దాచుకోవడానికైతే బిస్కెట్టో నాణెమో మేలు. 22 క్యారెట్ల నగ మీదైతే బీఐఎస్ హాల్‌మార్క్ గుర్తు, 22కే916, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ మూడూ ఉండాలి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

గిరివి పెట్టేటప్పుడు గ్రాముకు ఎక్కువ ఇచ్చేవాళ్ల దగ్గరికి పోవడం మన అలవాటు. ఎక్కువ ఇచ్చేచోట మిత్తి కూడా ఎక్కువ, గడువు తక్కువ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే నియమాల ప్రకారం రెండున్నర లక్షల దాకా అప్పుకు బంగారం విలువలో 85 శాతం, 5 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం మించి అప్పు ఇవ్వకూడదు. చివర్లో ఒకేసారి కట్టే అప్పయితే మిత్తిని కూడా కలిపి ఈ లెక్క చూడాలి, గడువు 12 నెలలు దాటకూడదు. రాళ్లు, పూసలు తీసేసిన నికర బరువే లెక్క, ఆ బరువు రాసిన కాగితం తీసుకోండి. పూర్తిగా కట్టాక ఏడు పనిదినాల్లో నగలు ఇవ్వాలి, వాళ్ల తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5 వేలు మనకు కట్టాలి. అవసరమైనంతే తీసుకోండి. లక్ష వచ్చే నగ మీద 60 వేలే తీసుకుంటే ధర పడినా వేలం నోటీసు రాదు.

ఇప్పుడు గాలి ఎటు వీస్తోందో చూద్దాం. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే రేటును, నాలుగు విడతల్లో 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు ఇది మేలు. 20 లక్షలు, 20 ఏండ్లు, 8.5 శాతానికి కిస్తీ 17,356, 7.5 శాతానికి 16,112. చాలా బ్యాంకులు కిస్తీని అలాగే ఉంచి నెలలు తగ్గిస్తాయి. అది నిజానికి మనకే లాభం, కానీ రేటు తగ్గించారా లేదా అన్నది మీరే అడిగి చూడాలి. పాత అప్పులు రెపోకు ముడిపడని పద్ధతిలో ఉండిపోతాయి, చిన్న ఫీజుతో మార్పించుకోవచ్చు. ఇటు డిపాజిట్ మిత్తి తగ్గింది. ఆడపిల్ల ఉన్న ఇంటికి సుకన్య సమృద్ధి 8.2 శాతం, అంటే 68 పైసలు, 2025 అంతా అలాగే ఉంది. పాపకు పదేండ్లు నిండకముందే తెరవాలి, ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర, 15 ఏండ్లు కట్టాలి.

ద్రవ్యోల్బణం 2025 అక్టోబరులో 0.25 శాతానికి పడిపోయింది, ధరలు పెరగడం లేదన్నారు. రైతు ఇల్లు ఈ అంకెను ఇంకోలా చదవాలి. ఆ తగ్గుదల ఎక్కువగా కూరగాయలు, పప్పులు, తిండి గింజలదే, అంటే మనం అమ్మే సరుకుదే. మనం కొనే చదువు, వైద్యం, కూలీ, బంగారం తగ్గలేదు. అమ్మే ధర ఆగి కొనే ధర పెరిగే ఏడాదిలో కొత్త కిస్తీ నెత్తిన పెట్టుకోవద్దు, జీఎస్టీ తగ్గి బండి చవకైనా సరే.

బీమా త్వరగా చెప్తాను. పాస్‌బుక్కు ఉండి 18 నుంచి 59 ఏండ్ల మధ్య ఉన్నవాళ్లకు రైతు బీమా 5 లక్షలు, పైసా కట్టనక్కర్లేదు. కొత్తగా పాస్‌బుక్కు వచ్చినవాళ్లు, నామినీ చనిపోయినవాళ్లు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర వివరాలు మార్పించాలి, ఆగస్టు 14న కొత్త ఏడాది మొదలవుతుంది. కౌలు రైతుకు అది రాదు, కాబట్టి బ్యాంకు ఖాతా మీద 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్ష ప్రమాద బీమా రెండూ తప్పక తీసుకోవాలి, ఒక్కోటి 2 లక్షలు. మే చివర్లో ఖాతా నుంచి కోసుకుంటారు. ఆ వారం ఖాతాలో 456 లేకపోతే బీమా ఆగిపోతుంది. ఆరోగ్యశ్రీ 10 లక్షలు ఉందని ధీమాగా ఉన్నా మందులు, టెస్టులు, దారి ఖర్చు చేతి నుంచే పోతాయి, ఒక 20 వేల డిపాజిట్ దానికి విడిగా ఉండాలి. గల్ఫ్‌కు పోయే ఇంటికి ఒక్క లెక్క. లక్షన్నర మూడు రూపాయల మిత్తికి తెచ్చి వీసా కొంటే నెలకు 4,500 మిత్తి. 18 వేలు పంపే పిల్లగాడి కష్టంలో పావు వంతు అక్కడే పోతుంది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వొద్దు.

వెనక నుంచి ఒక అక్క మంచి ప్రశ్న అడిగింది. దుకాణం బాకీ 40 వేలు రెండు రూపాయలకు, బంగారం మీద 80 వేలు రూపాయికి, పంట రుణం లక్ష మార్చి చివరి గడువు. పత్తి అమ్మితే చేతికి 1,04,000 వచ్చింది, ఏది ముందు? మిత్తి ఎక్కువ కాబట్టి దుకాణం అంటారు చాలామంది. నేను పంట రుణం అంటాను, ఎందుకంటే ఆ పైసలు తిరిగి వస్తాయి. గడువు లోపల కట్టి రెన్యువల్ చేస్తే లక్ష పరిమితి మళ్లీ తెరుచుకుంటుంది. అందులోంచి 40 వేలు తీసి దుకాణం తీర్చండి, నెలకు 800 మిత్తి 133కు దిగుతుంది. మిగతా 60 వేలు బయటికి తీసి ఇంట్లో ఉంచొద్దు, జూన్ పెట్టుబడికి పరిమితిలోనే ఉండనివ్వండి. తియ్యని పైసలకు మిత్తి పడదు. కొన్ని చోట్ల మొత్తం ఒకేసారి సేవింగ్స్ ఖాతాలో వేసేస్తారు, అట్లా వద్దని ముందే చెప్పండి. బంగారానికి మాత్రం పాత చోట మిత్తి కడుతూ కూర్చోకుండా, ముప్పావలాకు ఇచ్చే బ్యాంకుకు మార్చండి. 80 వేల మీద నెలకు 200 తగ్గుతుంది. మార్చేముందు పాత చోట ముందస్తు మూసివేత ఛార్జీ ఎంతో కాగితం మీద రాయించుకోండి, అది రెండు మూడు నెలల ఆదా మించితే గడువు దాకా ఆగి అప్పుడు మార్చండి.

ఇంకా ప్రశ్నలుంటే ఒక్కొక్కరు అడగండి, లెక్క కట్టి చూద్దాం.